రాముడికి ఎన్ని మార్కులు?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

"సార్, మీరు తెలుగు చెప్పినోళ్లు గదా, కథను ఎట్లా చదవాలో ఒక అర్ధగంట మాట్లాడండి. టీచర్లు కూడా వస్తారు" అని మన కార్యదర్శి అడిగినప్పుడు వెంటనే ఒప్పుకున్నాను. తర్వాత గుర్తొచ్చింది, ఈ పాఠంలోనే నేనొకసారి తప్పాను. అది ఇక్కడ కాదు, నేను ఉద్యోగం చేసిన ఇంకో ఊరి బడిలో. ఆ తప్పు మీ ముందు పెట్టకుండా పాఠం చెప్పలేను.

అప్పట్లో కథ చెప్పడమంటే నాకు ఆరు శీర్షికలు. ఇతివృత్తం, పాత్రలు, వాతావరణం, దృష్టికోణం, శైలి, ముగింపు. బోర్డు మీద రాస్తాను, పిల్లలు దింపుకుంటారు. పరీక్షలో అదే రాస్తారు, నేను మార్కులేస్తాను. ఎవరికీ ఇబ్బంది లేదు, కథకు తప్ప.

ఒక ఏడాది గురజాడ అప్పారావు గారి 'దిద్దుబాటు' చెప్పాను. 1910లో 'ఆంధ్రభారతి' పత్రికలో వచ్చిన కథ. చాలాకాలం దీన్నే తెలుగులో తొలి కథ అన్నారు. అంతకుముందే, 1902లో, భండారు అచ్చమాంబ గారు 'ధనత్రయోదశి' రాశారని ఇప్పుడు గుర్తిస్తున్నాం. ఏది ముందైనా, కథ ఎట్లా పనిచేస్తుందో చూపడానికి 'దిద్దుబాటు' అంత చక్కని కథ దొరకడం కష్టం.

మరిచిపోయినవాళ్ల కోసం రెండు మాటల్లో చెబుతాను. గోపాలరావు చదువుకున్నవాడు. భార్య కమలినికీ చదువు నేర్పించాడు. తాను మాత్రం మీటింగులని చెప్పి రాత్రిపూట సాని పాట వినడానికి పోతున్నాడు. ఒక రాత్రి ఆలస్యంగా వస్తే ఇంట్లో భార్య లేదు, ఉత్తరం ఉంది. నౌకరు రాముణ్ణి పట్టుకుని అడుగుతాడు, కోపంలో వాడి వీపు మీద గుద్దుతాడు. తర్వాత నొచ్చుకుని రూపాయి ఇస్తాడు. తన తప్పు తెలుసుకుని కుమిలిపోతుంటే మంచం కింది నుంచి కమలిని నవ్వు, గాజుల చప్పుడు వినిపిస్తాయి. అంతే కథ.

పరీక్షలో అడిగాను: ఈ కథలో ప్రధాన పాత్ర ఎవరు? ఎందుకు? కొందరు గోపాలరావు అన్నారు, మారినవాడు అతనే కాబట్టి. కొందరు కమలిని అన్నారు, మార్చినది ఆమె కాబట్టి. రెంటికీ మార్కులేశాను. ఒక పిల్లవాడు మాత్రం 'రాముడు' అని రాశాడు. ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టి సున్నా వేశాను.

పేపర్లు ఇచ్చిన రోజు వాడు నా దగ్గరికొచ్చాడు. ఎదురుచెప్పే పిల్లవాడు కాదు. "సార్, తప్పు చేసింది ఆయప్ప. నాటకం ఆడింది ఆయమ్మ. దెబ్బలు మాత్రం రాముడికే పడినాయి గదా సార్" అన్నాడు.

"తప్పు తెలుసుకుని రూపాయి ఇచ్చినాడు గదరా" అన్నాను.

"మా హోటలాయన గూడా ఇస్తాడు సార్" అన్నాడు.

వాడు సాయంత్రాలు రోడ్డు పక్క హోటల్లో గ్లాసులు కడుగుతాడని నాకు ఆ రోజే తెలిసింది. మార్కు మార్చాలని తోచింది. మార్చలేదు. మారిస్తే మిగతా పిల్లల ముందు చులకనైపోతానని భయం. ఆ మరుసటేడు వాడు బడికి రాలేదు.

ఆ మాట విన్నాక 'దిద్దుబాటు' మళ్లీ చదివాను. అప్పటికి ఎన్నోసార్లు చెప్పిన కథే. ఈసారి మాత్రం నా ఆరు శీర్షికలూ విడివిడిగా నిలబడలేదు.

మన పలమనేరు ప్రాంతంలో పట్టుగూళ్లు తెలియనివాళ్లు లేరు. గూడును వేడినీళ్లలో వేసి దారం కొస పట్టుకోవాలి. కొస దొరికితే దారమంతా వస్తుంది. దొరక్కుండా గోకితే పీచే మిగులుతుంది. కథా అంతే. ఆరు ముక్కలుగా కోయడం కాదు పని, ఒక కొస పట్టుకోవడం.

'దిద్దుబాటు'లో ఒక కొస చూడండి. ఉత్తరంలో కమలిని భర్తను 'అయ్యా' అని సంబోధిస్తుంది. ఆ ఒక్క మాటకే గోపాలరావు గతుక్కుమంటాడు. ఆ మాట పట్టుకుని లాగండి. 'ప్రియా' అనవలసిన మనిషి 'అయ్యా' అంటే వాళ్ల మధ్య దూరం తెలుస్తుంది, అది పాత్రచిత్రణ. ఆ ఉత్తరం రాయగలిగిన చదువు అతను నేర్పిందే, అది ఇతివృత్తం. ఉత్తరం గ్రాంథికంలో ఉంటుంది, గోపాలరావు మాట్లాడేది వాడుక భాష, రాముడిది విజయనగరం పక్క నౌకరు యాస. చిన్న కథలో మూడు తెలుగులు, అది శైలి. కథంతా ఒక రాత్రి, ఒక ఇంట్లోనే జరుగుతుంది. అందుకే మంచం కింద ఒక మనిషి దాగి ఉండడానికి వీలైంది, అది స్థలకాలాలు. కమలిని అక్కడే ఉందని మనకూ చివరిదాకా తెలియదు, ఎందుకంటే మనం గోపాలరావు పక్కనే నడుస్తున్నాం. అది దృష్టికోణం.

మనం రాముడి పక్కన నడిచి ఉంటే? నిద్రమత్తులో లేచి, యజమాని కోపానికి దొరికిపోయి, తనకు సంబంధం లేని కాపురం తగాదాకు దెబ్బలు తిన్న రాత్రి అవుతుంది అది. దిద్దుబాటు జరిగింది ఎవరికి, ఖర్చు పడింది ఎవరికి అన్న ప్రశ్న వస్తుంది. గురజాడ వారు రాముణ్ణి నవ్వు పుట్టించడానికే పెట్టారనుకున్నా, ఆ దెబ్బలను, ఆ రూపాయిని దాచలేదు. రాసిపెట్టారు. చూసే కన్ను కావాలి, అంతే. ఆ కన్ను నా దగ్గర లేదు, గ్లాసులు కడిగే పిల్లవాడి దగ్గర ఉంది.

ఇదే చూపుతో వేరే కథలకు పొండి. పాలగుమ్మి పద్మరాజు గారి 'గాలివాన'కు 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి వచ్చింది. అందులో వాతావరణం అలంకారం కాదు. నియమాలతో బతికిన రావుగారిని, రైల్లో అడుక్కునే ఆడమనిషిని ఒక చిన్న స్టేషన్లో ఒకచోట చేర్చేది ఆ తుపానే. దాన్ని తీసేస్తే కథ లేదు. "ఇది తీసేస్తే కథ నిలబడుతుందా?" అని అడిగి చూడండి. ఏది ముఖ్యమో ఏది కాదో తేలిపోతుంది.

మన ఉమ్మడి చిత్తూరు జిల్లాకే వద్దాం. దామలచెరువులో పాఠాలు చెప్పిన మధురాంతకం రాజారాం గారు మూడొందలకు పైగా కథలు రాశారు, 1993లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నారు. ఒక బడిపంతులు, ఒక పల్లె. అంత సరుకు అక్కడే దొరికింది. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు గారు 'సినబ్బ కథలు', 'పచ్చనాకు సాక్షిగా' మన ఇంట్లో మాట్లాడే భాషలోనే రాశారు. జేజి, కయ్య, చెనిక్కాయ అని రాస్తే తప్పని మా కాలంలో దిద్దేవాళ్లు. ఆయన కథలు చదివినప్పుడు తెలిసింది, ఆ మాటలు మారిస్తే చెప్పే మనిషే మారిపోతాడని. యాస కథకు వేసిన చొక్కా కాదు, చర్మం.

ఉపాధ్యాయ మిత్రులకు నాదొక మనవి. ఆరు శీర్షికలు చెప్పండి, వద్దనను. ఇంటికి పోవడానికి దారి తెలియాలి గదా. కానీ ముందు కథను గట్టిగా చదివి వినిపించండి. తర్వాత మూడే అడగండి: ఇది ఎవరి పక్కన నిలబడి చూస్తున్నాం? ఏ మాట దగ్గర ఆగిపోయినావు? ఎవరి సంగతి చెప్పకుండా వదిలేశారు? మూడో ప్రశ్నకు గైడులో జవాబు ఉండదు. వెనక బెంచీలోని పిల్లవాడి దగ్గర ఉండొచ్చు. వాడు చెప్పింది కథలోంచి చూపించగలిగితే మార్కు వేయండి. చూపించలేకపోతే, ఇంకోసారి చదివి రమ్మనండి. కొట్టివేయొద్దు.

పూర్వ విద్యార్థులకూ ఒకటి. ఈ యాభై ఏళ్లలో మనతోపాటు ఒకటో బెంచీలో, నాలుగో బెంచీలో కూర్చుని, పదో తరగతి దాకా రాకుండానే టమోటా మండీకో, బెంగళూరు పనులకో వెళ్లిపోయినవాళ్లు ఉన్నారు. ఈ సంచికలో వాళ్ల ఫోటోలు ఉండవు. మన బడి కథలో రాముళ్లు వాళ్లు. మీ బ్యాచ్‌లో అట్లాంటి ఒక్కరిని వెతికి, మాట్లాడి, వాళ్ల మాటల్లోనే నాలుగు పేజీలు రాసుకొస్తే, వచ్చే సంచికకు అంతకన్నా మంచి కథ ఉండదు.

ఆ పిల్లవాడు ఇప్పుడెక్కడున్నాడో నాకు తెలియదు. ఇప్పుడు నా వయసులో మార్కు మార్చి ప్రయోజనం లేదు. అయినా మీ అందరి ఎదుట ఆ ఎర్ర గీత కొట్టేస్తున్నాను. ఆ జవాబుకు పూర్తి మార్కులు.