హాజరు పట్టీలో కనిపించే ఇల్లు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

బడి జ్ఞాపకాలు నాకన్నా ముందు మాట్లాడినవాళ్లు ఎంతో బాగా చెప్పారు. నన్ను మాత్రం నేను చేసే పని గురించి చెప్పమన్నారు. సంబురం నడుమ ఈ ముచ్చటేమిటని మొదట సంకోచించాను. కానీ ఇంతమంది టీచర్లు ఒక్కచోట మళ్లీ ఎప్పుడు దొరుకుతారు?

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ చుట్టుపక్కల ఊళ్లలో, దెబ్బలు తిన్న పిల్లలు, ఆలనాపాలనా లేని పిల్లలు, లైంగిక వేధింపులకు గురైన పిల్లలు ఉన్న ఇళ్లకు వెళ్లడం నా పని. "పిల్లల్ని పట్టుకపోయేటోళ్లు వచ్చిన్రు" అని మమ్మల్ని చూసి తలుపులు వేసుకున్న ఇళ్లూ ఉన్నాయి. ఆ భయం ఊరికే రాలేదు. కానీ 2015 జువెనైల్ జస్టిస్ చట్టం చెప్పేది వేరు. పిల్లవాడిని బాలసదనంలో ఉంచినా, ఆ సదనం మొదటి లక్ష్యం అతన్ని తిరిగి కుటుంబానికి చేర్చడమే. ఆ ఇల్లు వాడికి క్షేమమా కాదా అన్నది తేల్చాలి, కాకపోతే క్షేమంగా మారేదాకా వెంట ఉండాలి. మా పనిలో ముప్పాతిక భాగం ఇదే.

రక్షణ అవసరమైన పిల్లల్ని 24 గంటల్లోగా బాలల సంక్షేమ సమితి ముందు హాజరుపరచాలి. సమితిలో ఒక చైర్‌పర్సన్, నలుగురు సభ్యులు ఉంటారు. 2016 అక్టోబరులో సూర్యాపేట జిల్లా అయ్యేదాకా మనందరికీ నల్లగొండే దిక్కు. ఇప్పుడు కోదాడ పిల్లలు సూర్యాపేటకు, మిర్యాలగూడ పిల్లలు నల్లగొండకు వెళ్తారు. 15 రోజుల్లో ఆ కుటుంబం మీద సామాజిక విచారణ నివేదిక ఇవ్వాలి. అందులో రాసేది నేరం సంగతి ఒక్కటే కాదు. ఇంట్లో ఎవరు ఎక్కడ పడుకుంటారు, తల్లి పనికి పోయినప్పుడు పిల్లల దగ్గర ఎవరుంటారు, పొద్దున పొయ్యి ఎవరు వెలిగిస్తారు, అప్పు ఎంత, ఎవరి దగ్గర. నాకైతే బియ్యం డబ్బా మూత తీసి చూస్తే సగం సంగతి తెలిసిపోతుంది.

ఒక ఇంటి సంగతి చెబుతాను. గుర్తులు మార్చాను. తండ్రి రైస్ మిల్లులో హమాలీ. భార్య పోయాక తాగుడు పెరిగింది. అయిదో తరగతి చదివే బిడ్డ తమ్ముడికి వండిపెట్టి, వాడిని బడికి పంపి, తను ఇంట్లోనే ఉండిపోయేది. కొట్టినవాడు లేడు, తిట్టినవాడు లేడు. అయినా ఇది నిర్లక్ష్యమే. ఊళ్లో మాత్రం "బుద్ధిమంతురాలు, తల్లి లెక్క చూసుకుంటది" అని మెచ్చుకునేవాళ్లు. నన్నడిగితే ఆ మెచ్చుకోలే ఆ పిల్లను బడికి దూరం చేసింది. తండ్రిని నాలుగు తిట్లు తిట్టి వచ్చేయడం తేలిక. మేం చేసింది నాయనమ్మను పిలిపించడం, అతన్ని తాగుడు మాన్పించే చికిత్సకు తిప్పడం, మిషన్ వాత్సల్య కింద నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్‌కు కాగితాలు పెట్టించడం. రెండుసార్లు మళ్లీ తాగాడు. రెండుసార్లూ మళ్లీ వెళ్లాం. ఆ పిల్ల ఇప్పుడు బడికి పోతోంది.

లైంగిక వేధింపుల సంగతి వేరు. కేంద్ర స్త్రీ, శిశు అభివృద్ధి శాఖ 2007లో ప్రకటించిన అధ్యయనంలో 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో మాట్లాడారు. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా అందులో ఉంది. సగానికి పైగా పిల్లలు ఏదో ఒక రకమైన లైంగిక వేధింపు ఎదుర్కొన్నామన్నారు. వేధించినవాళ్లలో సగం మంది పిల్లలకు తెలిసినవాళ్లే. ఎక్కువమంది పిల్లలు ఎవరికీ చెప్పుకోలేదు.

చెప్పుకున్నా మన దగ్గర ముందు పోలీస్ స్టేషన్ గుర్తుకు రాదు, పెద్దమనుషులు గుర్తుకొస్తారు. రచ్చబండ దగ్గర పంచాయితీ పెట్టి, ఇంత సొమ్మని తేల్చి, "పిల్ల పెండ్లి కావాలె గదా" అంటారు. 2012 పోక్సో చట్టం కింద ఇది రాజీ పడదగ్గ నేరం కాదు. తెలిసీ ఫిర్యాదు చేయకపోవడమూ నేరమే. మామూలు వ్యక్తికి ఆరు నెలల దాకా, సంస్థ అధిపతి తన కింది ఉద్యోగి చేసింది దాస్తే ఏడాది దాకా జైలు. హెడ్మాస్టర్లు ఈ మాట గుర్తు పెట్టుకోవాలి. నమ్మకంతో సమాచారమిచ్చినవాళ్ల మీద ఏ కేసూ ఉండదు. పిల్ల పేరు, బడి పేరు బయటపెట్టకూడదు. వాంగ్మూలం తీసుకునే పోలీసు అధికారి యూనిఫాంలో ఉండకూడదు, పిల్లను రాత్రిపూట స్టేషన్‌లో ఉంచకూడదు.

చట్టం ఇంతదాకా చూస్తుంది. ఆ తర్వాత ఇల్లు మిగులుతుంది. నిందితుడు మేనమామో, సంపాదించే తండ్రో అయితే అత్తింటివాళ్లు, పుట్టింటివాళ్లు అందరూ ఆ తల్లినే నిలదీస్తారు. "నువ్వు నోరు మూసుకుంటే సంసారం నిలబడేది" అంటారు. అప్పుడు ఆమె పక్కన ఎవరు కూర్చుంటారన్న దాని మీదే, ఆ పిల్ల కోర్టులో నిజం చెప్పగలదా లేదా అన్నది ఆధారపడి ఉంటుంది. సాక్ష్యం మార్చిన తల్లులను నేను తప్పుపట్టలేను. వాళ్ల పొయ్యిలోకి కట్టెలు ఎవరిస్తారో ముందు చెప్పాలి. కేసు నడిచినంతకాలం తోడుండే సహాయక వ్యక్తిని బాలల సంక్షేమ సమితి నియమించవచ్చు. ఆ సంగతి అడిగితేగాని చాలా కుటుంబాలకు తెలియదు.

టీచర్లకు ఒక విన్నపం. మాకన్నా ముందు మీ హాజరు పట్టీకి తెలుస్తుంది. ప్రతి సోమవారం రాని పిల్ల, బాగా చదివే పిల్లవాడు ఉన్నట్టుండి వెనకబడటం, ఇంటికి పోయే గంట కొట్టినా లేవని పిల్ల. ఒంటరిగా ఉన్నప్పుడు "ఏమైంది బిడ్డా?" అని అడిగి ఊరుకోండి. గుచ్చి గుచ్చి అడగొద్దు, పదిమందికి చెప్పొద్దు, తల్లిదండ్రులను పిలిచి పిల్ల ముందే నిలదీయొద్దు. ఆ పిల్ల చెప్పిన మాటలు చెప్పినట్టే రాసిపెట్టుకుని 1098కి ఫోన్ చేయండి. రాత్రీ పగలూ పలుకుతుంది.

పూర్వ విద్యార్థుల సంఘానికి కూడా ఒక మాట. స్వర్ణోత్సవ నిధితో ఆర్చి కట్టాలన్న ప్రతిపాదన విన్నాను. కట్టండి. కానీ అందులో కొంత పక్కన పెట్టండి. కోర్టు వాయిదాకు వెళ్లే తల్లికి ఆ రోజు కూలి పోతుంది, పైగా బస్సు చార్జీలు. వాయిదాకు రాలేక కేసు వదులుకున్న ఇళ్లు నాకు తెలుసు. ఆ కూలి డబ్బులు, చార్జీలు మన సంఘం ఇవ్వగలదా అన్నది రేపటి కార్యవర్గ సమావేశంలో చర్చించమని కోరుతున్నాను. లెక్కలు నేను రాసి తెచ్చాను, కార్యదర్శి గారికి ఇస్తున్నాను.