సంకెల: వారి చేతికి, మన చేతికి



‘సంకెల’ సంస్కృత ‘శృంఖల’కు తద్భవం. ఉర్దూలో బేడీ కాలికి వేసేది. చేతికి వేసేది హథ్‌కడీ. తెలుగులోకి వచ్చాక బేడీ చేతికి ఎక్కింది. ఇనుము చోటు మారింది గాని దాని పని మారలేదు.

దివ్య ఖుర్ఆన్‌లో ఈ అర్థానికి దగ్గరి మాట ‘గుల్’; మెడకు బిగించే ఇనుప పట్టా. దాని బహువచనం ‘అగ్‌లాల్’. అల్ ఆరాఫ్ సూరాలో, దైవప్రవక్త (స) ప్రజలపై నుంచి తొలగించే బంధనాలకు ఈ మాటే వచ్చింది. బనీ ఇస్రాయీల్ సూరాలో పిసినారితనాన్ని మెడకు బంధించుకున్న చేతితో పోల్చడం జరిగింది. అంటే, ఒక సంకెల ఇతరులు మనకు వేసేది. మరొకటి మనకు మనమే వేసుకునేది.

మొదటిదాని గురించి 1980లో ప్రేమ్‌శంకర్ శుక్లా కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: బేడీలు వేయడం అమానుషం, ఖైదీ పారిపోకుండా ఆపడానికి వేరే మార్గం లేనప్పుడే, కారణాలు రాసి వేయాలి. అయితే 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, 43వ సెక్షన్‌లో, ఉగ్రవాదం వంటి కొన్ని నేరాల విషయంలో బేడీలు వాడే అధికారాన్ని పోలీసులకు ఇచ్చింది. నేరం రుజువు కాకముందే చేతులకు పడిన ఇనుము, చూసేవారి దృష్టిలో తీర్పుగా మారుతుంది. అందుకే కారణం అడగడం, న్యాయవాది ద్వారా మేజిస్ట్రేటు దృష్టికి తేవడం మన కర్తవ్యం.

ఇక రెండవది. నిర్దోషిగా విడుదలైన యువకుని బేడీలు తాళంచెవితో ఊడిపోతాయి. కాని అతనికి ఇల్లు అద్దెకు ఇవ్వనిది ఎవరు? అతని చెల్లెలి సంబంధం తప్పించుకున్నది ఎవరు? పోలీసులు కాదు. చాలాచోట్ల మన వీధివారే, మన బంధువులే. అతను జైలులో ఉన్నంతకాలం ఆ తల్లి తలుపు తట్టనివారమూ మనమే. భయంతో ముడుచుకున్న మన చేయి, ఖుర్ఆన్ వర్ణించిన ఆ మెడకు కట్టుకున్న చేయి కాదా?

జకాత్ పొందదగిన ఎనిమిది పద్దులలో ఒకటి ‘రిఖాబ్’. దాని వాచ్యార్థం ‘మెడలు’. భావం, బానిసత్వంలో చిక్కినవారి విముక్తి. ఆ భావాన్ని గుర్తుంచుకుని ప్రతి మొహల్లాలో ఒక న్యాయవాదిని, ఒక సహాయనిధిని సిద్ధం చేసుకుందాం. వారి సంకెల తీయమని ప్రభుత్వాన్ని అడుగుదాం. మన సంకెల తీయడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.