బల్లికి గోల్కొండ కడితే...

నా వెనక కనిపిస్తోంది కదా, అదే మా లెపర్డ్ గెకో బంటిగాడి గోల్కొండ కోట. ఇక్కడ డాలస్‌లో, మా అపార్ట్‌మెంట్‌లో రెండు వీకెండ్లు కూర్చుని కట్టాను. థర్మకోల్ షీట్లు అంటించి, రాళ్లలా చెక్కి, పైన టైల్స్ సందుల్లో నింపే గ్రౌట్ మూడు కోట్లు వేశాను. (మూడు కోట్లంటే డబ్బు కాదండోయ్!)

లుక్ అదిరిపోయింది. కానీ బంటిగాడు ఆరు రోజులు తిండి ముట్టలేదు. రోజంతా కోట ద్వారంలోనే దాక్కున్నాడు. నిజంగా భయమేసింది.

తప్పు నాదే. కెమెరాకి బాగుంటుందని ద్వారాన్ని చల్లగా ఉండే వైపు పెట్టాను. ల్యాంప్ కింద, వేడి వైపు ఒట్టి గోడే, దాక్కోడానికి చోటే లేదు. యూఐ అదరగొట్టి బ్యాకెండ్ మర్చిపోయినట్టు! బల్లి ఒంటికి వేడి బయట నుంచే అందాలి, లేకపోతే తిన్నది అరగదు. వెచ్చదనం కావాలా, దాక్కునే చోటు కావాలా అంటే వాడు దాక్కోవడమే ఎంచుకున్నాడు.

ద్వారం కోసి వేడి వైపుకి మార్చాను. థర్మోస్టాట్ పెట్టాను. ఇప్పుడు లోపల రాయి మీద 33 డిగ్రీలు, అటు చివర 25. మూడో రోజు పురుగు తిన్నాడు.

ఇండియా నుంచి చూసేవాళ్లకి ఒక మాట: నాగుపాము, కొండచిలువ లాంటి మన పాముల్ని పట్టి పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. ఆ ప్రయోగం వద్దు.

కోసిన చోట గోడకి బొక్క ఉండిపోయింది, చూశారా? పూడుద్దామనుకున్నా. బంటిగాడు అందులోంచే తల బయటపెడుతున్నాడు, వదిలేశా.