టైరు కింద రోడ్డు: కంప్యూటరు లెక్క
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రోడ్డు మందం లెక్క అనగానే నా వయసు ఇంజనీర్లకు సి.బి.ఆర్. గ్రాఫులే గుర్తుకొస్తాయి. మట్టి బలం చూసి, గీత మీద వేలు పెట్టి మందం చదువుకునేవాళ్ళం. ఇప్పుడా పని కంప్యూటరు చేస్తోంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 37వ నంబరు మార్గదర్శకాల 2012 కూర్పుతో ఐఐటి పేవ్ అనే ప్రోగ్రాము వచ్చింది.

దాని దృష్టిలో టైరంటే ఒక గుండ్రటి బిళ్ళ. ప్రామాణిక ఇరుసు బరువు 80 కిలోన్యూటన్లు, అంటే 8.16 టన్నులు. నాలుగు టైర్లు కనుక ఒక్కొక్కదాని మీద రెండు టన్నుల పైచిలుకు. ఒత్తిడి 0.56 మెగాపాస్కల్, పంక్చరు షాపు భాషలో 80 పౌండ్లు. భాగిస్తే బిళ్ళ వ్యాసం సుమారు 21 సెంటీమీటర్లు, మన టిఫిను పళ్ళెమంత! ఆ పళ్ళెం నొక్కినప్పుడు తారు పొర అడుగున ఎంత సాగింది, కింది మట్టి పైభాగం ఎంత నలిగింది అన్నవి ప్రోగ్రాము చెబుతుంది. మొదటిది మితిమీరితే పగుళ్ళు, రెండోది మితిమీరితే చక్రాల జాడలో గుంతలు.

నిజం టైరు బిళ్ళలా ఉండదు. దాని ముద్ర దాదాపు దీర్ఘచతురస్రం. బరువు ఎక్కువైతే ముద్ర పొడవు పెరుగుతుంది, అంచులు గట్టిగా నొక్కుతాయి. రబ్బరునూ రోడ్డునూ వేలాది చిన్న ముక్కలుగా చేసి లెక్కకట్టే ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతిలో ఇదంతా కనిపిస్తుంది. పగుళ్ళు కొన్నిచోట్ల పైనుంచే ఎందుకు మొదలవుతాయో తెలిసేది అక్కడే. అయినా మామూలు రోడ్డుకు బిళ్ళ చాలుననే నా అభిప్రాయం. లోతుకు పోయేకొద్దీ ముద్ర ఆకారంలోని తేడా చెరిగిపోతుంది. బరువులోని తేడా మాత్రం పోదు.

అమెరికాలోని ఇల్లినాయిస్‌లో 1958-60 మధ్య లారీలు తిప్పి చూసిన పరీక్షల నుంచి వచ్చిన సూత్రం ఒకటుంది. రోడ్డుకు జరిగే నష్టం ఇరుసు బరువుకు సుమారు నాలుగో ఘాతంలో పెరుగుతుంది. 8.16 టన్నులకు నష్టం ఒకటి అనుకుంటే 10.2 టన్నులకు 2.44. మన దేశంలో నాలుగు టైర్ల ఇరుసుకు చట్టం అనుమతించిన బరువు అదే ఉండేది. 2018లో దాన్ని 11.5 టన్నులు చేశారు. నష్టం దాదాపు నాలుగు! ఇదంతా చట్టబద్ధమైన బరువు సుమండీ, ఓవర్‌లోడు సంగతి ఇంకా ఎత్తలేదు.

ఈ బరువులు కంప్యూటరుకు తమంతట తెలియవు. రోడ్డు మీద లారీలు ఆపి, ఇరుసు ఇరుసూ తూచి ఇవ్వాలి. పగటి బళ్ళు తూచి, రాత్రి ఇసుక లారీలను వదిలేస్తే ఐఐటి పేవ్ అభ్యంతరం చెప్పదు. ఆ తప్పుడు బరువుకే దశాంశాలతో సహా జవాబిస్తుంది. పదిహేనేళ్ళ రోడ్డు అయిదేళ్ళకే లేచిపోతే నింద తారుకో కాంట్రాక్టరుకో పోతుంది. మన పిల్లల్లో ఈ శాఖలో ఉన్నవారు ఇక్కడికి వచ్చారు కదా, తూకం రాత్రి కూడా జరిగిందా అని వాళ్ళను భోజనాల దగ్గర అడగండి.