పాలు దించే చోట కాలు జారకూడదు

(సంఘ కార్యదర్శుల శిక్షణ తరగతిలో డెయిరీ నిర్వహణ విభాగపు సూపర్‌వైజరు చేసిన ప్రసంగ పాఠం)



శిక్షణ తరగతి అనగానే వెన్న శాతం గురించో, దాణా గురించో చెబుతానని మీరు అనుకొని వుంటారు. ఈ రోజు నేను మన కాళ్ళ కింద వుండే ఇనుప రేకును గురించి చెబుతాను. బస్సు ఎక్కే మెట్టు మీద ఉబ్బెత్తు గళ్ళున్న రేకును మీరంతా చూసే వుంటారు. దాన్నే చెకర్డ్ ప్లేటు అంటారు. పాల కేంద్రాలలో క్యాన్లు దించే అరుగు మీద, మెట్ల మీద, కాలువ మూతల మీద వేసేది ఇదే.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక సంఘంలో సిమెంటు మెట్లు అరిగి నున్నగా తయారైనాయి. ఇద్దరు ముగ్గురు జారిపడ్డారు. మేము వెళ్ళి మెట్లకు చెకర్డ్ ప్లేటు బిగించి వచ్చాము. ఇక భయం లేదన్నాము. రెండేళ్ళు తిరగకుండానే అదే మెట్టు మీద ఒక సభ్యురాలు పడి మణికట్టు విరిగింది. నేను చూడబోతే, "ఇనుప గళ్ళు కదా, జారదనుకున్నానయ్యా" అన్నది. ఆమెకు రెండు గేదెలు. చేయి విరిగితే పాలు పితికేదెవరు? మూడు నెలలు పొరుగువారిని బతిమాలుకోవలసి వచ్చింది.

మెట్టు మీద చేయి పెట్టి చూశాను. గళ్ళ మధ్య జిడ్డు మెత్తినట్లు నిండిపోయి వున్నది. రోజూ చన్నీళ్ళు కుమ్మరించి శుభ్రమైనదనుకున్నారు. తప్పు రేకుది కాదు. కడగడం ఎట్లాగో చెప్పకుండా వచ్చిన మాది.

ఈ రేకును ఎర్రగా కాలిన ఉక్కును రోలర్ల మధ్య నడిపి తయారు చేస్తారు. ఒక రోలరు మీద చెక్కిన గాడులే రేకు మీద గళ్ళుగా లేస్తాయి. అతికించినవి కావు గనుక ఊడిపోవు. కాని అరుగుతాయి. నిండిపోతాయి కూడా. గళ్ళ తలలు అద్దంలా మెరుస్తున్నవంటే పట్టు పోయినదన్న మాట. తుప్పు పట్టిందని నున్నని రంగు పూస్తే జారుడు ఇంకా పెరుగుతుంది.

కొనేటప్పుడు ఐ.ఎస్. 3502 ప్రమాణం ప్రకారం వున్నదా అని అడగండి. మందం చెప్పేటప్పుడు ఉబ్బెత్తు గళ్ళను లెక్కలో వేయరు. 6 మిల్లీమీటర్ల రేకు చదరపు మీటరుకు గళ్ళు కాక 47 కిలోల బరువుంటుంది. కనుక కింద ఆధారం గట్టిగా వుండాలి. 40 లీటర్ల క్యానులో పాలే 41 కిలోలు. దానిని ఎత్తుకొన్న మనిషి కింద రేకు ఊగకూడదు.

బిగించేటప్పుడు నీరు నిలవకుండా కాలువ వైపు వాలు ఇవ్వండి. అంచులు సందు లేకుండా వెల్డింగు చేయించండి. సందులో దిగిన పాలు పులిసి కంపు కొడతాయి, ఇనుమును తింటాయి. అంచు పైకి లేచి వుంటే కాలికి తగులుతుంది. దానిని అరగదీయించండి.

ఇక కడగడం. ముందు గోరువెచ్చని నీళ్ళతో పాలు పోయేటట్లు కడగాలి. మొదటే మరిగే నీళ్ళు పోస్తే పాలలోని మాంసకృత్తులు ఉడికి అంటుకొంటాయి. తరువాత వేడినీళ్ళలో చాకలిసోడా కలిపి, గట్టి బ్రష్షుతో గళ్ళ చుట్టూ రుద్దాలి. చన్నీళ్ళకు వెన్న కరగదు, గడ్డకడుతుంది. చివర మంచినీళ్ళతో కడిగి నీరు లాగివేయాలి. మీ రేకు అల్యూమినియందైతే కాస్టిక్ సోడా తగలనివ్వకండి, తినివేస్తుంది. బ్లీచింగు పౌడరు వాడితే అది నిలవకుండా వెంటనే కడిగివేయండి.

ఈనాడు చాలా గ్రామాలకు బల్క్ కూలర్లు వచ్చి క్యాన్ల మోత తగ్గింది. అయితే కూలరు గది నేల కూడా రెండు పూటలా తడిసేదే. తెల్లవారుజామున చీకట్లో, వట్టి కాళ్ళతోనో అరిగిన చెప్పులతోనో మన ఆడవాళ్ళు వచ్చేది ఆ మెట్టు మీదికే.

అందుచేత ఒక్క మాట కోరుతున్నాను. వచ్చే పాలకవర్గ సమావేశంలో మెట్టు కడగడం ఎవరి పని అన్నది పేరు పెట్టి తీర్మానం రాయండి. "అందరూ చూసుకొంటారు" అంటే ఎవరూ చూడరు. ఒక బ్రష్షు, కిలో సోడా సంఘానికి భారం కాదు. విరిగిన చేయి మాత్రం ఆ ఇంటికి పెద్ద భారం.