ఊపు తగ్గాక కూలిన వంతెన: నేల ద్రవంలా మారితే పునాది ఏమవుతుంది?

ఈ ఎపిసోడ్‌లో నన్ను బాగా ఆలోచింపజేసిన ఒక వంతెన గురించి చెప్తాను. జపాన్‌లోని నీగాటాలో, షినానో నది మీద ఉన్న షోవా వంతెన. కట్టి నెల రోజులే అయింది. 1964 జూన్ 16న భూకంపం వచ్చింది. మొత్తం 12 స్పాన్లలో 5 నదిలో పడిపోయాయి. చూసినవాళ్లు చెప్పిందేంటంటే, గట్టి కుదుపులు తగ్గాకే అది కూలిందట! మరి ఊపు తగ్గాక ఎందుకు పడింది?

బీచ్‌లో తడి ఇసుక మీద నిలబడి కాళ్లు ఆడించండి. పాదాలు మెల్లగా దిగబడతాయి కదా? భూకంపంలోనూ దాదాపు అంతే. వదులుగా ఉన్న ఇసుక రేణువులు దగ్గరకు సర్దుకోవాలని చూస్తాయి. మధ్యలో ఉన్న నీళ్లకి బయటికి పోయే టైమ్ దొరకదు. నీటి ఒత్తిడి పెరిగి రేణువుల మధ్య పట్టు పోతుంది. నేల ద్రవంలా మారుతుంది. దీన్నే లిక్విఫాక్షన్, అంటే ద్రవీకరణ అంటారు.

దీన్ని ముందే అంచనా వేయొచ్చా? వేయొచ్చు. బోరు వేసి, 63.5 కిలోల సుత్తిని 76 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదులుతూ, గొట్టం 30 సెంటీమీటర్లు దిగడానికి ఎన్ని దెబ్బలు పట్టాయో లెక్కపెడతారు. తక్కువ దెబ్బలకే దిగితే ఇసుక వదులుగా ఉన్నట్టు. భూకంపం ఆ పొర మీద పెట్టే ఒత్తిడిని, ఆ పొర తట్టుకోగలిగే ఒత్తిడితో పోల్చే పద్ధతిని 1971లో సీడ్, ఇడ్రిస్ అనే ఇంజనీర్లు ఇచ్చారు.

కానీ నా దృష్టిలో అసలు కష్టమైన ప్రశ్న దీని తర్వాతే ఉంది. నేల ద్రవంలా మారితే, అందులో ఉన్న పైల్స్ ఏమవుతాయి?

షోవా వంతెన పైల్స్ 60 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న ఉక్కు గొట్టాలు, పొడవు సుమారు 25 మీటర్లు. పట్టు పోయిన నేల నది వైపు జారి వాటిని పక్కకి నెట్టి వంచేసిందని చాలా కాలం వివరించారు. ఇంకొందరు పరిశోధకులు వేరే మాట అంటారు. చుట్టూ ఉన్న ఇసుక ఆసరా పోయాక, పైల్ పొడవాటి సన్న కర్రలా మిగిలిపోయి, పైనున్న బరువుకే వంగిపోయిందంటారు.

ఏ కారణమైతే ఏంటి అనుకోకండి. నేల నెట్టడమే కారణమైతే పక్కనుంచి వచ్చే తోపుకు లెక్క వేయాలి. జపాన్ హైవే వంతెనల కోడ్‌లో ఆ లెక్క ఉంది. బరువే కారణమైతే పైల్ లావు సరిపోతుందా అని కూడా చూడాలి. ఒకటే చూసి రెండోది వదిలేస్తే, పేపర్ మీద పాసైన వంతెన కూడా నదిలో పడొచ్చు.

మన దేశంలోనూ 2001 భుజ్ భూకంపంలో కచ్ రణ్‌లో నేలలోంచి ఇసుక, నీళ్లు పైకి చిమ్మాయి. కృష్ణా, గోదావరి డెల్టాల్లోనూ ఇసుక ఉంది, నీళ్లూ ఉన్నాయి. అందుకే ఈసారి వంతెన పని జరుగుతున్న చోట బోరు మిషన్ కనిపిస్తే గుర్తుంచుకోండి: అక్కడ లెక్కపెట్టే దెబ్బలతో సగం జవాబే వస్తుంది. మిగతా సగం పైల్ లెక్కలో ఉంటుంది.

డౌట్స్ ఉంటే కామెంట్స్‌లో అడగండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం!