టైరు మార్చితే బండిలో ఏం మారుతుంది?

(మేడ్చల్, శామీర్‌పేట విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



టైర్ల గురించి మాట్లాడమని కార్యదర్శిగారు అడిగారు. పింఛను తీసుకునేవాళ్లకు టైర్లతో ఏం పని అని కొందరికి అనిపించవచ్చు. పని ఉంది. మనలో చాలామందికి నాగపూర్ రోడ్డుకో, కరీంనగర్ రోడ్డుకో లోపలగా అరెకరమో ఎకరమో ఉంది. తారు దిగితే మొరం బాట, వానాకాలంలో చెరువు పక్క నల్లమట్టి. అందుకని కొందరు పాత జిప్సీ కొన్నారు, కొందరి ఇళ్లలో పిల్లలు థార్ కొన్నారు. కొన్న మూడో నెలకే మనవడు అడిగేది ఒకటే: "తాతా, పెద్ద టైర్లు వేయిద్దాం." డబ్బు తాతగారిది గనుక లెక్క కూడా తాతగారికి తెలియాలి.

జిప్సీ టైరు మీద 205/70 ఆర్ 15 అని ఉందనుకోండి. వెడల్పు 205 మిల్లీమీటర్లు. పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో నూటికి 70 పాళ్లు. లోపలి డిస్కు 15 అంగుళాలు. కిందా పైనా రెండు పక్కగోడలూ డిస్కూ కలిపితే మొత్తం ఎత్తు 668 మిల్లీమీటర్లు. దాని బదులు మనవడు 235/75 ఆర్ 15 అడుగుతాడు. డిస్కు అదే, కాని ఎత్తు 733. అంటే దాదాపు నూటికి పది పెరిగింది. చూడటానికి బండి దర్జాగా ఉంటుంది, కాదనను. ఇరుసు నేల నుంచి 33 మిల్లీమీటర్లు లేస్తుంది. ఎక్కేటప్పుడు మన మోకాళ్లకు కూడా ఆ 33 తెలుస్తుంది.

స్పీడు మీటరు నేలను చూడదు, చుట్లు లెక్కపెడుతుంది. చక్రం పెద్దదైందని దానికి తెలియదు. మీటరు 80 చూపినప్పుడు బండి మునుపటి లెక్కకన్నా పదోవంతు ఎక్కువగా, 88 ప్రాంతంలో పోతుంది. మనకు అవుటర్ రింగు రోడ్డు ఇంటిముందే ఉంది. దాని మీద గరిష్ఠ వేగాన్ని 2023లో 100 నుంచి 120కి పెంచారు. అక్కడ పాత జిప్సీని మీటరు నమ్ముకుని నడిపేవారు ఈ తేడా గుర్తుంచుకోవాలి. ఇదే కారణంగా, టైరు మార్చాక మైలేజీ పడిపోయిందని చాలామంది బాధపడతారు. లీటరుకు 10 వచ్చేది 9 చూపిస్తే, నిజానికి బండి నడిచింది 9.9. మీటరు తక్కువ రాసింది, అంతే. బరువైన టైరు కొంత నూనె ఎక్కువ తాగేమాట కూడా నిజమేగాని, అంతటి దోషం దానిది కాదు.

నాకు బెంగ బ్రేకుల గురించి. బ్రేకు డిస్కు, డ్రమ్ము పాతవే, వాటి పట్టూ పాతదే. చక్రం నడిబొడ్డు నుంచి నేలకు దూరం పెరిగింది గనుక, పెడలు అంతే తొక్కితే నేల దగ్గర బండిని ఆపే బలం నూటికి తొమ్మిది పాళ్లు తగ్గుతుంది. పైగా బరువైన చక్రం తిరుగుతూ తిరుగుతూ తొందరగా ఆగదు. అరవై ఐదు దాటిన కాలు ఎంత బలంగా తొక్కగలదో మీకే తెలుసు. ఇంజను సంగతీ అంతే. ప్రతి గేరూ కొంచెం బరువెక్కుతుంది. బురదలో నెమ్మదిగా లాగాల్సిన చోట క్లచ్చు మీద కాలు పెట్టి లాగిస్తారు, క్లచ్చు కాలుతుంది. స్టీరింగు పూర్తిగా తిప్పితే టైరు మడ్‌గార్డుకు రాసుకుంటుంది కూడా.

ఇంతవరకు చెప్పింది ఏ బండికైనా వర్తిస్తుంది. ఫోర్‌వీల్ డ్రైవ్ బండికి మరో చిక్కుంది. పాత జీపులోగాని జిప్సీలోగాని, ఇప్పటి థార్‌లోగాని, నాలుగు చక్రాల గేరు వేయగానే ముందు ఇరుసూ వెనక ఇరుసూ ట్రాన్స్‌ఫర్ కేసులో ఒకదానికొకటి గట్టిగా ముడిపడతాయి. రెండూ సమంగా తిరగాలి. "ఐదు ఎందుకండీ, వెనక రెండు వేయండి చాలు" అని చెప్పే టైర్లషాపువాళ్లు ఉంటారు. ముందు 668, వెనక 703 ఎత్తు ఉంటే, కిలోమీటరుకు ముందు చక్రం సుమారు 476 చుట్లు, వెనకది 452 చుట్లు తిరగాలనుకుంటుంది. ఆ 24 చుట్ల పేచీ బురదలోనైతే చక్రం కాస్త జారి తీరిపోతుంది. తారు మీద జారడానికి వీల్లేదు. అది షాఫ్టుల మీద, జాయింటు క్రాసుల మీద, పళ్లచక్రాల మీద పడుతుంది. ఆ గేరు మళ్లీ తీయబోతే లివరు రాదు. కొలత ఒకటే అయినా రెండు కొత్తవి, రెండు అరిగినవి వేసినా ఈ పేచీ కొంత ఉంటుంది. వానకు తడిసిన తారు మీద పట్టు బాగుంటుందని నాలుగు చక్రాల గేరు వేసుకుని అవుటర్ రింగు మీద పోయేవారున్నారు. అది ఏ టైర్లకూ మంచిది కాదు.

మరి పెద్దవి అసలు వేయకూడదా? కంపెనీవారే థార్‌కు రెండు కొలతలు ఇచ్చారు. 2020 మోడల్లో 245/75 ఆర్ 16 ఒకటి, 255/65 ఆర్ 18 ఒకటి. డిస్కులు వేరైనా ఎత్తులు 774, 789. తేడా నూటికి రెండు. వారు ఎంత జాగ్రత్తగా దగ్గర పెట్టారో చూడండి. బండితో వచ్చిన పుస్తకంలో రాసిన కొలతల్లో ఏదైనా వేసుకోవచ్చు. దాన్ని దాటితే చట్టం సంగతి కూడా ఉంది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను, కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని అడ్డుకుంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. ప్రమాదం జరిగితే బీమా సర్వేయరు కన్ను ముందు అక్కడే పడవచ్చు.

నా మాటకు వస్తే, మన పొలం బాటలకు కావలసింది పెద్ద టైరు కాదు, గాలి కొలిచే గేజి. మామూలుగా 30 పౌండ్లు పట్టే టైరులో బురద ముందు 20కి దించండి. టైరు నేలమీద పరుచుకుంటుంది, పట్టు దొరుకుతుంది. ఆ గాలితో వేగంగా పోకూడదు. తారు ఎక్కకముందే మళ్లీ నింపాలి గనుక సీటు కింద చిన్న పంపు ఉంచుకోండి. దీనికయ్యే ఖర్చు ఒక టైరు ధరలో కొద్ది భాగం.

ఇక స్టెప్నీ. నాలుగూ మార్చి అయిదోది పాతది ఉంచేస్తారు. పంచరైన రోజున ఆ చిన్న చక్రాన్ని పెద్దవాటి పక్కన వేసుకుని, అదీ మరిచిపోయి నాలుగు చక్రాల గేరు వేస్తారు. కొంటే ఐదూ కొనాలి, లేదంటే పాత కొలతలోనే ఉండాలి.

మీ బండి నాలుగు చక్రాలూ సమంగా ఉన్నాయో లేదో ఇంట్లోనే చూసుకోవచ్చు. గాలి సరిచూసి, టైరు మీదా నేలమీదా సుద్దగీత పెట్టి, తిన్నగా ఐదు చుట్లు దొర్లించి, టేపుతో కొలిచి ఐదుతో భాగించండి. ముందూ వెనకా అలాగే చేయండి. సుద్దముక్కా టేపూ నా సంచిలో ఉన్నాయి. టీ తాగాక ఆవరణలో నిలిపిన జీపు దగ్గరికి రండి, చేసి చూపిస్తాను.